గవ్వలపాళెంలో పేర్లు పిలిచిన పొద్దు

నెల్లూరు వెళ్లొచ్చానని చెబితే మా ఊళ్లో అందరూ అడిగేది ఒకటే, చేపల పులుసు తిన్నావా అని. తిన్నాను. దాని సంగతి వచ్చినప్పుడు చెబుతాను. అయితే నేను వెళ్లింది పులుసు కోసం కాదు, మా అమ్మ కోసం. మా అమ్మ వెళ్లింది మా అక్క కోసం.

మా అక్క సుశీల నెల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున గవ్వలపాళెం అనే చిన్న ఊళ్లో మిషను బడి పంతులమ్మగా పనిచేసేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో అక్కడే కలరా తగిలి పోయింది. అప్పుడు తుఫాను. రైళ్లు లేవు, దారులు లేవు. టెలిగ్రాం మా బాపట్ల వైపు చేరేసరికి ఆ ఊరివాళ్లే ఆమెను మట్టి చేసేశారు. మా ఇంటి మనిషి ఒక్కరూ చూడలేదు, గుప్పెడు మట్టి వెయ్యలేదు. ఆ తర్వాత ఏడాదికే నాన్న కూడా పోయారు. ప్రతి ఈస్టరుకూ మా ఊరి సమాధుల దొడ్డిలో నాన్న దగ్గర కొవ్వొత్తి వెలిగించి, పక్కన ఖాళీగా ఉన్న జాగా వైపు చూసి అమ్మ కళ్లు తుడుచుకోవడం నాకు అలవాటైపోయింది. అలవాటైపోయిందని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఈ ఏడు మట్టల ఆదివారం గుడి నుంచి రాగానే, "చిన్నోడా, ఈస్టరుకి నన్ను అక్క దగ్గరికి తీసుకెళ్లు" అంది.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. మా హెడ్మాస్టరుకైనా ఎదురు చెప్పగలను గాని మా అమ్మకు చెప్పలేను.

రేకు పెట్టె

గురువారం పొద్దున పాసింజరు ఎక్కాం. సామాను రెండే. ఒకటి నా చేతి సంచి, రెండోది అమ్మ కొత్తగా కొన్న రేకు పెట్టె. ఎత్తగానే అనుమానం వచ్చింది, బరువే లేదు. ఊపి చూస్తే లోపల ఏదో మెత్తగా కదిలింది తప్ప చప్పుడు లేదు. తన చీరలన్నీ నా సంచిలో కుక్కి, పెట్టెను మాత్రం తాళం వేసి తెచ్చుకుంది.

"ఖాళీ పెట్టె ఎందుకమ్మా మొయ్యడం?"

"మోసేది నువ్వేగా. నీకు తేలిగ్గా ఉంటుందని" అంది.

మా అమ్మతో వాదన ఎప్పుడూ ఇంతే, మొదలవకముందే ముగుస్తుంది. చీరాలలో ఒక పొగాకు వ్యాపారి ఎక్కాడు. భారీ మనిషి. చోటు లేక పెట్టె మీద కూర్చోబోయాడు. అమ్మ కేక వేసింది. ఆయన అదిరిపడి, "లోపల గాజు సామానేమన్నా ఉందా అమ్మా?" అన్నాడు.

"ఇంకా ఏమీ లేదు" అంది అమ్మ.

ఆ 'ఇంకా' అన్న మాట నేను పట్టించుకోలేదు. అప్పుడు నా దృష్టంతా బిట్రగుంటలో వచ్చే ఇడ్లీల మీద ఉంది. కొత్త పైసలు వచ్చి ఇన్నేళ్లయినా అక్కడి ఇడ్లీ కుర్రాడు అణాల్లో ధర చెబుతాడు, పైసల్లో చిల్లర ఇస్తాడు. లెక్కల మాస్టర్ని, నేనే తప్పు లెక్క వేసి వాడితో పోట్లాడి, వాడు చెప్పిందే నిజమని తేలాక బండి కదిలింది. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ప్రయాణంలో ఆమె నవ్వడం అదే మొదలు.

నెల్లూరులో శుక్రవారం

నెల్లూరులో మాకు ఎస్తేరు పిన్ని ఉంది. అమ్మకు దూరపు చెల్లెలు వరస. వాళ్లాయన బట్టలు కుడతాడు. ఇంట్లో కుట్టుమిషను చప్పుడు ఆగకుండా ఉంటుంది గాని మంచి శుక్రవారం కాబట్టి ఆ రోజు మిషను మీద దుప్పటి కప్పి ఉంచారు.

గుడిలో మూడు గంటల ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించారు. ఎవరి మాట వాళ్లు పొడిగించుకుంటూ పోయారు. మా వైపు ఆరాధన అయిపోగానే ఎవరింటికి వాళ్లు పరుగెత్తుతారు. ఇక్కడ గుడి బయట గంగాళంలో కరివేపాకు, అల్లం వేసిన మజ్జిగ పెట్టి అందరికీ ముంచి ఇచ్చారు. ఆ ఎండలో అంత చల్లని మజ్జిగ ఇచ్చినవాళ్లకు పుణ్యం ఉంటుంది. నేను మూడు గ్లాసులు తాగాను. అమ్మ పొద్దున నుంచీ ఉపవాసం, ముట్టలేదు.

సాయంత్రం పిన్ని వంటింట్లోంచి వాసన మొదలైంది. కొరమీను, పుల్ల మామిడికాయ ముక్కలు, నువ్వుల నూనె. మట్టి దాకలో పులుసు కుతకుతలాడుతోంది. నేను పీట వాల్చుకుని కూర్చున్నాను. పిన్ని దాక దించి, మూత పెట్టి, ఉట్టి మీద పెట్టేసింది.

"పిన్నీ, మంచి శుక్రవారమని పెట్టవా?"

"అదేం కాదబ్బయ్యా. ఈ పొద్దు చేసిన పులుసు ఈ పొద్దే తింటారా ఎవరన్నా? ముక్కకి పులుపు పట్టాల గదా. రేపు తిను, అప్పుడు చెప్పు."

ఆ రాత్రి మజ్జిగన్నం తిన్నాను. పొద్దున్నే, బస్సుకు వెళ్లేముందు, అక్కడి మొలగొలుకుల బియ్యపు అన్నంలో ఆ పులుసు కలుపుకుని తిన్నాక పిన్ని మాట ఒప్పుకున్నాను. చేపల పులుసు ఒక రాత్రి కళ్లు మూసుకుంటేనే రుచి. మా వాళ్లకు ఈ ఓపిక లేదు. మాకు పొయ్యి మీద నుంచి పళ్లెంలోకి వస్తేనే వంట.

తోటపల్లి గూడూరు దాటాక

బస్సు కండక్టరు రేకు పెట్టెకు సామాను టిక్కెట్టు కొట్టబోయాడు. ఖాళీదని చెప్పాను. అనుమానంగా చూసి ఒంటి చేత్తో ఎత్తాడు. ఎత్తినవాడు నా మొహం చూశాడు. "ఖాళీ పెట్టెకి తాళమెందుకన్నా?" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కిటికీలోంచి పొలాలు చూస్తోంది.

తోటపల్లి గూడూరు దాటేదాకా కోత కోసిన మళ్లే. మా డెల్టాలాగే ఉందనుకుంటూ ఉండగా మట్టి రంగు మారింది. మళ్లు పోయి తాటిచెట్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి పొదలు వచ్చాయి. బస్సు ఆగిపోయేచోట దారి కూడా ఆగిపోయింది. అక్కణ్ణుంచి కాలువ దాకా ఇసకలో నడక. నా చెప్పు వారు తెగింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి నిప్పు, నెత్తిన పెట్టె. అమ్మ మాత్రం చెంగు నెత్తిన కప్పుకుని నాకంటే ముందు నడుస్తోంది. ఇంట్లో పెరటి దాకా వెళ్లడానికి మోకాళ్లు పట్టుకునే మనిషి.

"మోకాళ్లు నొప్పిగా లేవా అమ్మా?"

"ఉన్నాయి. ఉంటే ఆగుతామా?" అంది.

కాలువ మీద

బకింగ్‌హాం కాలువ మీద పడవ పోలయ్యది. ఆయన పట్టపు మనిషి. వాళ్లంతా సముద్రంలో చేపలు పట్టేవాళ్లు. చెయ్యి ఒకటి సరిగా రాక ఆయన మాత్రం కాలువకు దిగాడు. ఎదురుగాలి ఉంటే ఒడ్డున తాడు పట్టి లాగుతారు, ఆ రోజు గాలి మా వైపే ఉంది గనక తెరచాప ఎత్తాడు. పడవ నిండా ఉప్పు బస్తాలు, కట్టెలు, మేము.

"యాడికి పోతా ఉండారమ్మా?"

"గవ్వలపాళెం."

"పండగకా? పెట్టె తెచ్చినారే, ఎండు చేపలు పట్టుకపోతారా? వంజరం అయితే మా మేనకోడలి కాడ తీసుకోండి. గవ్వలపాళెంలో ఉప్పు సరిగ్గా పెట్టరు."

"చేపలకు కాదు నాయనా" అంది అమ్మ. "మా పాప అక్కడుంది."

"కాపరం చేస్తా ఉండాదా?"

"పంతులమ్మగా చేసింది."

పోలయ్య చుక్కాని కర్ర పట్టుకునే మా వైపు తిరిగాడు. "సుశీలమ్మా?" అన్నాడు. "తుఫాను సమచ్చరం నేనే మందులు తెచ్చినానమ్మా ఈ కాలవ మీద. మందులకని నన్ను పంపినామె, రొండో డబ్బా తెచ్చేలోపల పోయింది." దిగేటప్పుడు డబ్బు తీసుకోలేదు. తీసుకోమని నేను పట్టుబడితే అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది.

ఒక్కటి మాత్రం అడిగాడు. "మాకు సముద్రంలో పోయినోళ్లు పోయినట్టే తల్లీ. మీరు పూడ్చిపెట్టి, మళ్లా లేస్తారంటారు గదా. నిజంగా నమ్ముతారా మీరు?"

అమ్మ, "నమ్మకపోతే ఇంత దూరం రానుగా అయ్యా" అంది.

గవ్వలపాళెం

ఊరంటే ఇసక తిన్నె మీద తాటాకు ఇళ్లు, ఒక పెంకుటి గుడి, దాని పక్కన బడి. సగం మంది ఉప్పు మళ్లలో పని చేస్తారు, సగం మంది కాలువ పడవల మీద. మేం వచ్చామని తెలియగానే ఆడవాళ్లంతా చేరారు. దీనమ్మ అనే ఆవిడ, యాభై ఏళ్లుంటాయి, వచ్చి అమ్మను కావలించుకుని ఏడ్చింది. చనిపోయిన మనిషి తల్లి వస్తే ఊరు ఊరంతా ఇలా ఏడవడం మా వైపు నేను చూడలేదు. మా వైపు ముందు కుర్చీ వేస్తారు.

అమ్మ మాత్రం ఏడవలేదు. "నా బిడ్డను చూపించండి" అంది.

అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దీనమ్మ కొడుకు యేసుదాసు తల వంచుకున్నాడు. వాడి చేతులకు మోచేతుల దాకా తారు.

సమాధుల దొడ్డి

అక్కడి ఉప్పుగాలికి కొయ్య నిలవదు. అందుకని ప్రతి ఏడూ ఈస్టరుకు ముందు రోజు సమాధుల మీద సిలువ కొయ్యలు పీకి, పడవలకు పూసే తారు పూసి, మళ్లీ పాతి, పేర్లు తెల్లరంగుతో దిద్దుతారు. ఇది ఆ ఊరి ఆచారం. ఎప్పుడూ ఒక వరస పీకి, పూసి, పాతాకే రెండో వరస ముట్టుకుంటారు. కాని ఈ ఏడు పంతులమ్మ తల్లి వస్తోందని నేను రాసిన జాబు అందింది. ఆమె వచ్చేసరికి దొడ్డంతా కొత్తగా మెరవాలని యేసుదాసు, వాడి స్నేహితులు తెల్లవారగానే అన్ని సిలువలూ ఒకేసారి పీకేశారు. కాచిన తారు చల్లారితే గడ్డకడుతుంది గనక గబగబా పూసేశారు. పేర్లతో సహా. గుర్తుకు పాతిన తాటి పుల్లల్ని పది గంటలకు లేచిన దక్షిణపు గాలి ఎత్తుకుపోయింది. ఇసక దిబ్బలు మెత్తగా సర్దుకున్నాయి.

అయినవాళ్లున్న సమాధులను అయినవాళ్లు గుర్తుపట్టారు. కలరా ఏడు హడావుడిగా సముద్రం వైపు అంచున పూడ్చినవి మాత్రం ఎవరివి ఏవో తెలియలేదు. అక్క వాటిలోనే ఉంది. దీనమ్మ ఒక దిబ్బ చూపించింది. కాటికాపరి ఇంకోటి చూపించాడు. పాస్టరు పరంజ్యోతి గారు చాలాసేపు ఆలోచించి, వాళ్లిద్దరికీ మధ్య ఉన్నది అన్నారు. పక్కన నల్లటి సిలువలు, పేరు లేనివి, కట్టెల మోపులా పేర్చి ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్ల తర్వాత వస్తే ఇదా చూపించేది?" అని అరిచాను. యేసుదాసు ఏడుపు గొంతుతో, "మీ కోసరమేనన్నా చేసినాము" అన్నాడు. మంచి చెయ్యబోయి చెడగొట్టినవాణ్ణి తిట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తిట్టు సగంలోనే ఆగిపోయింది.

అమ్మ అప్పుడు పెట్టె తాళం తీసింది. లోపల కొత్త తెల్లని ఖద్దరు దుప్పటి, మడత పెట్టి ఉంది. అంతే.

"నా బిడ్డ ఎముకల్ని తీసుకెళ్లడానికి వచ్చానయ్యా" అంది పాస్టరు గారితో. "వాళ్ల నాన్న పక్కన జాగా ఉంచాను."

పొద్దున నుంచీ నెత్తిన మోసుకొచ్చింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇసకలో కూర్చుండిపోయాను.

పాస్టరు గారి అరుగు

పరంజ్యోతి గారు పెద్దాయన. పంచె, పైన చొక్కా, మెడలో తువ్వాలు. మమ్మల్ని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి తాటి ముంజలు తెప్పించారు. ముంజలు మా దగ్గరా ఉన్నాయి గాని ఇంత లేతవి తినలేదు. ఆ దుఃఖంలో కూడా తిన్నాను, దాచడమెందుకు.

అమ్మ వాదన మొదలుపెట్టింది. మా అమ్మ కూడబలుక్కుని చదువుతుంది గాని వాక్యం ఆమెకు కంఠతా.

"అయ్యగారూ, యోసేపు చనిపోతూ ఏం అడిగాడు? నా ఎముకల్ని ఐగుప్తులో వదలొద్దన్నాడా లేదా?"

"అన్నాడమ్మా."

"ఎన్నో తరాల తర్వాత కూడా మోషే వాటిని మోసుకొచ్చాడా లేదా?"

"మోసుకొచ్చినాడు."

"మరి నేను నా బిడ్డను తీసుకెళ్తానంటే తప్పేమిటి?"

"తప్పని నేను అన్లేదే. ఒకటి చూడండమ్మా. యోసేపుని మోసిన ఆ మోషే సమాధి యాడుండాదో ఎవరికీ తెలీదు. దేవుడే పూడ్చినాడు, గుర్తు పెట్టలా. అయినా ప్రభువు కొండ మీద వెలిగిపోతా ఉంటే పక్కనొచ్చి నిలబడి మాట్లాడిందెవరు? ఆ మోషేనే గదా. గుర్తు లేకపోయినా దేవుడు మర్చిపోలేదు."

నాకు ఆ మాట ఎంతో నచ్చింది. చిక్కు లెక్క రెండు మెట్లలో తేలినట్టనిపించింది. అమ్మ ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

"మోషే తల్లి అప్పటికి బతికి లేదు గదయ్యా" అంది అమ్మ. "ఉండుంటే, నా కొడుకును ఎక్కడ పెట్టావో చూపించమని ఆ దేవుణ్ణే నిలదీసేది."

పాస్టరు గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "నిజమే, నిలదీసుండేదమ్మా" అన్నారు నవ్వుతూ.

కాసేపటికి ఆయనే మళ్లీ నెమ్మదిగా చెప్పారు. ఆయన చిన్నప్పుడు చదువుకున్న బైబిలు బడిలో ఒక గురువు యూదుల సంగతులు చెప్పేవాడట. యూదులు సమాధుల దొడ్డిని బతికున్నవాళ్ల ఇల్లు అంటారట. రోజూ చేసే ప్రార్థనలో చనిపోయినవాళ్లను లేపేవాడా అని దేవుణ్ణి పొగుడుతారట.

"ఆ మార్తని చూడండి. తమ్ముణ్ణి పూడ్చి నాలుగు రోజులైనాక ప్రభువు వస్తే, ఆఖరి రోజున లేస్తాడని నాకు తెలుసయ్యా అనింది. అప్పటికింకా ఈస్టరు యాడుంది? ఖాళీ సమాధి యాడుంది? యూదుల ఇంట్లో పుట్టిన పిల్ల, తల్లి నేర్పితే నేర్చుకున్న మాటయ్యుండాల అది."

మేమంతా ఈ నమ్మకం మాతోనే, ఈస్టరుతోనే మొదలైందనుకుంటాం. అది అంతకు ముందు నుంచే యూదుల ఇంట్లో ఉంది. ఎవరి తాతలో తవ్విన బావిలో నీళ్లు మనం తోడుకుంటున్నాం. ప్రభువు వచ్చి ఆ నీళ్లు పైదాకా పొంగేలా చేశాడు.

"నేనూ నేర్పాను సుశీలకు" అంది అమ్మ మెల్లిగా. "పడుకోబోయేముందు."

దీనమ్మ చెప్పింది

మధ్యాహ్నం దీనమ్మ మా దగ్గర కూర్చుని అక్క సంగతులు చెప్పింది. అక్క వచ్చిన మొదటి ఏడే దీనమ్మ పెద్దకొడుకు, బళ్లో చదివే పిల్లవాడు, కాలువలో పడి పోయాడు. ఆ ఈస్టరు పొద్దున సమాధి దగ్గర దీనమ్మ పడి ఏడుస్తూ, "ఇంక నా బిడ్డ పేరు ఎవరు పిలుస్తారు" అందట. అక్క నిలబడి, బళ్లో హాజరు పిలిచే గొంతుతోనే, "దావీదు" అని పిలిచిందట.

"నాకేమీ తోచలేదమ్మా. పిల్లోడు రోజూ చెప్పేదే నా నోట్లోంచి వచ్చినాది. ఉండాడు అన్నా. దేవుడి కాడ ఉండాడు గదా. అప్పుడు పంతులమ్మ నా పక్కనోళ్లని చూసి వాళ్లోళ్ల పేర్లూ పిలిచినాది. అప్పట్నించీ ఏటేటా పిలస్తా ఉండాము. పోయినోళ్ల పేరు పిలిస్తే అయినోళ్లు పలకాల."

"సుశీల పేరు పిలిస్తే ఎవరు పలుకుతారు?" అని అడిగింది అమ్మ.

"బడి పిలకాయలందరూ. ఇప్పుడు వాళ్లకే పిల్లలు పుట్టినారు. అయినా పలకతారు."

అమ్మ చీర కుచ్చిళ్లలో ఇసక దులుపుకుంది. ఇన్నేళ్లూ అడగాలనుకుని ఎవరినీ అడగలేకపోయినది అప్పుడు అడిగింది. "చివర్లో దాని దగ్గర ఎవరున్నారమ్మా?"

"నేనేనమ్మా. తల నా ఒళ్లో పెట్టుకుని ఉండా. జొరంలో నిన్ను పిలిచినాది. అమ్మా, అమ్మా అని. నువ్వు యాడో ఉండావు. నేనే 'ఉండానమ్మా' అన్నా. నువ్వే అనుకుని నా చెయ్యి పట్టుకున్నాది. తప్పు చేసినానేమో."

అమ్మ దీనమ్మ చెయ్యి తీసుకుని తన మొహానికి అద్దుకుంది. ఆ ఊళ్లో అడుగుపెట్టాక మొదటిసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను.

సాయంత్రం ఊరి పెద్దలు వచ్చారు. ఆ మూడు దిబ్బలూ తవ్వి చూద్దామన్నారు. అక్కకు చిన్నప్పుడు జామచెట్టు మీద నుంచి పడి ఎడమ చెయ్యి విరిగి వంకరగా అతికింది, దాన్ని బట్టి తెలుస్తుందని అమ్మే చెప్పింది. మూడింటిలో ఒకటి, ఆ కలరాలోనే పోయిన దీనమ్మ తండ్రిది అయ్యుండొచ్చు. పరాయి సమాధి తవ్వడమేమిటని నేను నసుగుతుంటే దీనమ్మ అంది, "తవ్వండన్నా. మా నాయనేమీ అనుకోడు. బతికినన్నాళ్లూ ఎవరికీ కాదని చెప్పలా."

అందరూ అమ్మ వైపు చూశారు. "ఆరాధన అయ్యాక చెబుతాను" అంది. యేసుదాసు పార ఒకటి తెచ్చి గుడి గోడకు ఆనించి పెట్టాడు.

పొద్దు పొడుపు

చీకటి విచ్చుకోకముందే గంట కొట్టారు. మా వైపు ఈస్టరు తెల్లవారుజామున కొత్త బట్టలు కట్టుకుని గుడికే వెళ్తాం, తర్వాత తీరిగ్గా సమాధుల దగ్గరికి. ఇక్కడ ముందు సమాధుల దొడ్డికే. చేతుల్లో లాంతర్లు, కొవ్వొత్తులు. గాలికి ఆరకుండా కొవ్వొత్తి చుట్టూ సగం కొబ్బరి చిప్ప పట్టుకుంటారు. పాడుకుంటూ ఇసకలో నడుస్తూ వచ్చారు. ముసలివాళ్ల చేతులు పడుచువాళ్లు పట్టుకున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

పేరు లేని సిలువలన్నీ యేసుదాసు బృందం వరసగా పాతేసింది. ఎవరిది ఎవరి మీద ఉందో ఎవరికీ తెలియదు. అందుకని ఆ పొద్దు తమవాళ్ల దిబ్బ తెలిసినవాళ్లు కూడా దాని దగ్గరే నిలబడలేదు. వీలున్నచోట నిలబడ్డారు. ప్రతి దిబ్బ మీదా ఎవరో ఒకరు కొవ్వొత్తి పెట్టారు. నేను ఒక దిబ్బ మీద పెట్టాను. ఎవరిదో తెలియదు. ఎవరిదైతేనేం అనిపించింది, నిజంగానే అనిపించింది.

సముద్రం మీద ఎరుపు వచ్చింది. పరంజ్యోతి గారు, "ప్రభువు లేచెను" అన్నారు. "నిజముగా లేచెను" అని ఊరు పలికింది. తర్వాత ఆయన పేర్లు పిలవడం మొదలుపెట్టారు. కాగితం లేదు, ఆయనకు నోటికే వచ్చు.

"దావీదు."

"ఉండాడు" అంది దీనమ్మ. పక్కింటికి వెళ్లిన పిల్లవాడి సంగతి చెప్పినట్టే అంది.

ఒక ముసలాయన తన భార్యకు పలికాడు. ఒక చంటిబిడ్డ తల్లి తన తల్లికి పలికింది. ఏడ్చినవాళ్లూ ఉన్నారు, నవ్వినవాళ్లూ ఉన్నారు. పొద్దు సగం పైకి వచ్చింది. అన్ని మొహాలూ ఒకే రంగులో కనపడ్డాయి.

"పంతులమ్మ సుశీల."

ఏటా పలికే ఆ బడి పిల్లలు, పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినవాళ్లు, ఒక్కరూ నోరు తెరవలేదు. అమ్మ ఉండగా వాళ్లు పలకకూడదని ఎవరూ చెప్పకుండానే అనుకున్నట్టున్నారు. ఎవరూ అమ్మ వైపు చూడలేదు. అందరూ ఇసక వైపు చూస్తున్నారు. పలకదేమో, పార తెమ్మంటుందేమో అని నేను భయపడ్డాను. తెమ్మంటే తవ్వేది నేనే.

పరంజ్యోతి గారు మళ్లీ పిలవలేదు. ఓపిగ్గా నిలబడ్డారు.

"ఉంది" అంది అమ్మ. పక్కనున్న నాకే వినపడింది. చెంగుతో నోరు తుడుచుకుని, ఈసారి అందరికీ వినపడేలా అంది. "ఉంది. ఇక్కడే ఉంది. ఇక్కడే ఉండనీండి."

పాస్టరు గారు కళ్లు తుడుచుకుని తరువాతి పేరు పిలవబోయారు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అయ్యగారూ, దాని నాన్న మా ఊళ్లో ఉన్నాడు. దాని పక్కన లేడు. ఆయన పేరు కూడా ఇక్కడ పిలవండి. దానయ్య."

"దానయ్య" అని పిలిచారు పరంజ్యోతి గారు.

మా అమ్మా నేనూ నోరు తెరిచేలోపలే ఊరంతా పలికింది.

"ఉండాడు."